గోడ మూయకముందే అడగండి

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: ఇంటి మరమ్మతుల్లో వైరింగు

సంక్రాంతి వెళ్లాక, వానలు మొదలయ్యేలోపు ఇంటి పనులు ముగించుకోవాలన్న తొందర అందరికీ ఉంటుంది. గోడలకు పుట్టీ, నేలకు టైల్స్, పైన ఒక గది, హాల్లో ఫాల్స్ సీలింగ్ అంటూ మొదలైన పనులు మధ్యలో వైరింగు దగ్గరకు వచ్చి ఆగుతాయి. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఆగిన చోటు నుంచి వచ్చినవే. వాటిలో ఆరింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. డీబీ (ఇంటి లైన్లన్నీ విడిపోయే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మూత తీయడం, వైర్లు కలపడం, ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తమంతట తామే పడిపోయే స్విచ్చులు) మార్చడం పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేయవలసిన పనులు. ఇంటివాళ్లు పక్కన నిలబడి ఏమి అడగాలో, ఏది చూడాలో చెప్పడమే నా ఉద్దేశం.

ప్రశ్న: మాది 1984లో కట్టిన ఇల్లు. ఇప్పుడు నేల మార్చి, గోడలకు పుట్టీ పెట్టించి రంగులు వేయించబోతున్నాము. ఎలక్ట్రీషియన్ పాత కిట్‌క్యాట్ ఫ్యూజులు తీసేసి ఎంసీబీలు పెట్టాడు. ఏసీ, గీజరు నడుస్తుండగా వంటగదిలో ఇండక్షన్ పొయ్యి వెలిగిస్తే కాసేపటికి 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతోందని చెబితే, దాన్ని తీసి 32 ఆంపియర్లది బిగించాడు. ఇప్పుడు పడిపోవడం లేదు కానీ ఏసీ బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. ఇది మామూలేనా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మామూలు కాదండీ. ఆ ఎంసీబీని వెంటనే మార్పించండి, అంతవరకు ఆ మూడింటినీ కలిపి వాడకండి. ఎంసీబీని పెట్టేది ఏసీని కాపాడడానికో గీజరును కాపాడడానికో కాదు, గోడలో కంటికి కనబడకుండా ఉన్న వైరును కాపాడడానికి. అందువల్ల ఎంసీబీ ఎన్ని ఆంపియర్లదై ఉండాలో నిర్ణయించవలసింది మన వాడకం కాదు, వైరు లావు. మీ ఎలక్ట్రీషియన్ చేసిన పని మొరిగే కుక్క మూతి కట్టి నిద్రపోయినట్లు ఉంది.

లెక్క చూడండి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1,700 వాట్లు తీసుకుంటుంది, అంటే దాదాపు 7.4 ఆంపియర్లు. 2,000 వాట్ల గీజరుకు 8.7, అంతే వాట్ల ఇండక్షన్ పొయ్యికి మరో 8.7 కలిపితే 25 ఆంపియర్ల దగ్గరకు వస్తుంది. పాత ఇళ్లలో గోడ లోపల ఉండేది తరచుగా ఒకటిన్నర వైరు, అంటే 1.5 చదరపు మిల్లీమీటర్లది. అది రాగిదైనా పైపులో ఉన్నప్పుడు 13 నుంచి 16 ఆంపియర్లకు మించి మోయలేదు. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. పైగా ఎంసీబీ తన మీద రాసిన అంకె దాటగానే పడిపోయే సాధనం కాదు. ప్రమాణాల ప్రకారం అది 1.13 రెట్ల కరెంటును గంటసేపు పడిపోకుండా మోయాలి, 1.45 రెట్లు దాటితే గంటలోపు పడిపోవాలి. అంటే మీ 32 ఆంపియర్ల ఎంసీబీ 36 ఆంపియర్ల వరకు కదలకుండా కూర్చుంటుంది. ఆ లోపల ఒకటిన్నర వైరు తొడుగు మెత్తబడి, నల్లబడి, ఏదో ఒక జాయింటు దగ్గర మంట మొదలయ్యే దాకా మీకు తెలిసేది బోర్డు మీద ఆ వెచ్చదనం ఒక్కటే.

ఇక మీ ఇంటి వయసు సంగతి. ఆ రోజుల్లో అల్యూమినియం వైరు విరివిగా వాడేవారు. మీ వైర్‌మన్‌తో మెయిన్ ఆపించి ఒక పాత బోర్డు విప్పించి చూడండి. వైరు చివర తెల్లగా మెరిస్తే అల్యూమినియం కావచ్చు. కళాయి పూసిన పాత రాగి కూడా తెల్లగానే ఉంటుంది కనుక బ్లేడుతో కొద్దిగా గీకిస్తే లోపల ఎర్రదనం ఉందో లేదో తేలిపోతుంది. తొడుగును వేళ్ల మధ్య వంచినప్పుడు అప్పడంలా పెళుసుగా విరిగితే ఇక ఆలోచించనక్కరలేదు. అల్యూమినియం మెత్తని లోహం. స్క్రూ కింద నొక్కుడుకు ఏళ్ల తరబడి నెమ్మదిగా జారిపోతుంది, పైన కరెంటును పోనివ్వని ఆక్సైడ్ పొర కడుతుంది. దాంతో బిగింపు వదులై అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడి బిగింపును మరింత వదులు చేస్తుంది. కొత్త రాగి వైరును పాత అల్యూమినియం వైరుకు మెలిపెట్టి టేపు చుట్టడం ఇంకా చెడ్డ పని, ఎందుకంటే తేమ తగిలితే ఆ జాయింటు తుప్పు పట్టి తినేసుకుపోతుంది.

అందువల్ల పుట్టీ పెట్టే ముందే వైరింగు మొత్తం మార్పించండి. గోడలోని పైపులు బాగుంటే పాత వైరు చివరకు కొత్త వైరు కట్టి లాగవచ్చు కనుక గోడ అంతా కొట్టనక్కరలేదు. లైట్లు, ఫ్యాన్లకు 1.5, పదహారు ఆంపియర్ల ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించి, ఏసీ, గీజరు, వంటగదిలోని ఇండక్షన్ ప్లగ్గు, ఈ మూడింటికీ డీబీ నుంచి విడివిడిగా లైన్లు తెప్పించండి. వైరు మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె, సైజు అచ్చయి ఉంటాయి. కాయిలు విప్పకముందే ఒకసారి చదవండి. డీబీ మారినంత మాత్రాన మీటరు వెనక నుంచి వచ్చే లోడు పెరగదు. మీరు ఒప్పుకున్న కిలోవాట్ల కంటే ఎక్కువ వాడబోతుంటే డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోవాలి. పని త్వరగా అవుతుందని మీటరు సీలు జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి. 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షన్ కింద అది నేరం.

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకు ఇంటీరియర్ పనులు చేయిస్తున్నాము, అందులోనే ఉంటున్నాము కూడా. ఫాల్స్ సీలింగ్ లైట్లు బిగించిన రోజు నుంచి ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపే స్విచ్చు) పదే పదే పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ అది పాడైపోయిందని చెప్పి, దాన్ని దాటించి నేరుగా కలిపాడు. వడ్రంగులు మిషన్ వైర్ల కొనలను ప్లగ్గు లేకుండా సాకెట్లోకి దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తున్నారు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. ఏమి చేయాలి? (హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ముందు ఆర్‌సీసీబీని మళ్లీ లైన్లో పెట్టించండి. అది పడిపోవడం చాలామట్టుకు జబ్బు కాదు, జబ్బును చూపించడం. ఎంసీబీ వైరును కాపాడితే, ఇది మనిషిని కాపాడుతుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని ఇది ప్రతి క్షణం సరిచూస్తూ, ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరిందంటే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సరఫరా తెంచేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎంత చిన్నవంటే, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కూడా అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది. అయినా అంత కరెంటు ఛాతీ గుండా కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

పాడైందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. అన్ని ఎంసీబీలూ దించి ఆర్‌సీసీబీని ఎత్తాలి, తర్వాత ఒక్కొక్క ఎంసీబీని ఎత్తుకుంటూ పోవాలి. ఏది ఎత్తినప్పుడు పడిపోయిందో తప్పు ఆ సర్క్యూట్‌లో ఉన్నట్లు. ఏది ఎత్తినా పడిపోతున్నా, అన్నీ దించే ఉంచినా పడిపోతున్నా, చాలాసార్లు ఎక్కడో న్యూట్రల్ వైరు ఎర్త్ వైరును తాకుతోందని అర్థం. ఇళ్లలో వాడే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉండిపోతుంది కనుక ఎంసీబీలు దించినంత మాత్రాన ఆ తప్పు తప్పుకోదు.

మీ ఇంట్లో ఇది ఫాల్స్ సీలింగ్ తర్వాతే మొదలైంది కాబట్టి నా అనుమానం మరొకటి. కొత్త లైట్లకు ఫేజ్ ఒక సర్క్యూట్ నుంచి తీసుకుని, న్యూట్రల్ మాత్రం దగ్గరలో దొరికిన ఇన్వర్టర్ లైనుదో పక్క గదిదో కలిపి ఉంటారు. లైట్లు వెలుగుతాయి, పనివాడికి పని అయిపోతుంది. అయితే ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు వేరే దారిలో తిరిగి వస్తుంటే, దాని లెక్కలో అది లీకేజీయే. ఎవరికీ షాకు కొట్టకపోయినా అది పడిపోతుంది. దీనికి మందు న్యూట్రల్‌ను దాని సొంత సర్క్యూట్‌కు తెచ్చి కలపడమే. ఒక మాట కూడా గుర్తుంచుకోండి. ఆర్‌సీసీబీ 15 మిల్లీ ఆంపియర్ల లోపు పడిపోకూడదు, 30 దగ్గర పడిపోవాలి, మధ్యలో ఎక్కడైనా పడిపోవచ్చు. ఎల్‌ఈడీ డ్రైవర్లు (ఆ లైట్లకు కరెంటు అందించే చిన్న పెట్టెలు), కంప్యూటర్లు వంటివి చాలా ఉన్న ఇంట్లో ఒక్కొక్కటీ వదిలే చిన్న లీకేజీలన్నీ కలిసి ఆ హద్దును చేరతాయి. అలాంటప్పుడు ఇల్లంతా ఒకే ఆర్‌సీసీబీ కింద పెట్టకుండా రెండు మూడుగా విడదీయాలి, అంతేకాని తీసేయకూడదు.

సీలింగ్ బోర్డులు బిగించేశారా? ఇంకా లేకపోతే నిచ్చెన ఎక్కి పైన ఒకసారి చూడండి. ఒక ఇంట్లో నేను చూసినప్పుడు పైన వైర్లు జిప్సం మీదే దండల్లా వేలాడుతున్నాయి, పదకొండు జాయింట్లలో ఏడింటికి మెలికపెట్టి టేపు మాత్రమే చుట్టి ఉంది, డ్రైవర్ల వేడికి ఆ టేపు జిగురు కారి వైరు మెరుస్తూ కనబడుతోంది. వైర్లు పైపులో ఉండాలి, జాయింట్లు మూత ఉన్న పెట్టెలో సరైన కనెక్టర్లతో ఉండాలి, ఆ పెట్టె దగ్గరకు రేపు మనిషి చెయ్యి వెళ్లేలా సీలింగ్‌లో చిన్న తలుపు ఉండాలి. తలుపు వల్ల అందం చెడుతుందని డిజైనరు అంటాడు. ఆ మాటకు తలొగ్గకండి.

వడ్రంగుల విషయంలో మొహమాటం వద్దు. పని జరిగినన్నాళ్లు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న విడి బోర్డు ఒకటి డీబీ నుంచి పెట్టించి, మూడు కోర్ల వైరు, సరైన ప్లగ్గు టాపులు మీరే కొనివ్వండి. టైల్స్ కోసే మిషన్‌కు నీళ్లు పోస్తూ కోస్తారు కనుక అది ఈ బోర్డు మీద తప్ప మరెక్కడా నడవకూడదని చెప్పండి. అగ్గిపుల్లలు పెట్టిన సాకెట్‌లో సాయంత్రం పనివాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ రాగి తీగలు అలాగే ఉంటాయి. నాలుగేళ్ల పిల్ల ఎత్తుకు అవి సరిగ్గా అందుతాయి.

ప్రశ్న: మా అమ్మగారి ఇంట్లో పాత ఫ్యాన్ తీసి కొత్తది బిగించడానికి మెయిన్ ఆఫ్ చేసే పైకెక్కాను. అయినా కరెంటు కొట్టింది. మెయిన్ స్విచ్చు చెడిపోయిందా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా అన్న సంగతి మీరు రాయలేదు. ఉండి ఉంటుందనే అనుకుంటున్నాను. మీరు మెయిన్ దించిన మరుక్షణం ఇన్వర్టర్ దాన్ని కరెంటు పోవడంగా తీసుకుని, కనురెప్ప వేసేలోపు బ్యాటరీ నుంచి ఫ్యాన్లకు, లైట్లకు అదే 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. తన పని తాను చక్కగా చేసింది, మీరే దానికి చెప్పలేదు. కాబట్టి వరస ఇలా ఉండాలి: మెయిన్ దించాలి, ఇన్వర్టర్‌ను దాని స్విచ్చుతో ఆపాలి, దాని అవుట్‌పుట్‌కు ఎంసీబీ ఉంటే అది కూడా దించాలి, లేకపోతే ఒకటి పెట్టించాలి. డీబీ తలుపు లోపలి వైపు ఏ ఎంసీబీ ఏ గదిదో, ఏ లైన్లకు ఇన్వర్టర్ ఉందో ఒక కాగితం మీద రాసి అతికించండి. ఆ ఇంట్లో మీ అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు వచ్చే పనివాడికి అది మీ మాటగా పనికొస్తుంది.

స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను పూర్తిగా నమ్మకండి. అందులోని నియాన్ దీపం మీ శరీరం గుండా పోయే అతి కొద్ది కరెంటుతో వెలుగుతుంది. మీరు ప్లాస్టిక్ స్టూలు మీద రబ్బరు చెప్పులతో ఉంటే వైరులో కరెంటు ఉన్నా మసకగా వెలగవచ్చు, మధ్యాహ్నపు వెలుతురులో ఆ మసక కనబడకపోవచ్చు. ముందుగా కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టర్ పెట్టి చూడాలి, తర్వాత పని చేయబోయే వైరు మీద, మళ్లీ తెలిసిన చోట. మూడోసారి చూడడం ఎందుకంటే మధ్యలో టెస్టరే పాడై ఉండవచ్చు. ఒక్కోసారి ఫేజ్, న్యూట్రల్ రెండింటి మీదా టెస్టర్ వెలుగుతుంది. అది ఆ లైన్లో న్యూట్రల్ తెగిందనడానికి గుర్తు. ఫ్యాన్ తిరగడం లేదు కదా అని ఆ వైరును పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్య ఘర్ పథకం వచ్చాక డాబాల మీద సోలార్ పలకలు బాగా పెరిగాయి కనుక ఇదే సందర్భంలో ఒక మాట. గ్రిడ్‌తో కలిసి నడిచే ఇన్వర్టర్, బయట కరెంటు పోతే ఆగిపోతుంది, నిజమే. కాని పలకల నుంచి ఇన్వర్టర్ దాకా వచ్చే డీసీ వైర్లలో ఎండ ఉన్నంతసేపూ వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. వరసగా కలిపిన పలకలయితే అది వందల వోల్టుల్లో ఉంటుంది. పిట్టగోడకు సున్నం వేయడానికని ఆ వైర్లను పక్కకు లాగడం, కనెక్టర్లు విప్పడం రంగులవాళ్ల పని కాదు. బిగించినవారినే పిలవాలి.

ప్రశ్న: టీవీ యూనిట్‌కు, వంటగది అల్మారాలకు గోడకు డ్రిల్లింగ్ చేయించాలి. వైర్లు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది? (విజయవాడ)

సమాధానం: పని పద్ధతిగా చేసినవాళ్లు పైపును బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకి గాని కిందికి గాని తీసుకువెళ్తారు. అందువల్ల ప్రతి స్విచ్చు బోర్డుకు, ప్లగ్గుకు, లైటు పాయింటుకు పైన, కింద, ఆ బోర్డు వెడల్పుకు రెండు పక్కలా ఒక జానెడు కలిపి ఆ నిలువు పట్టీ మొత్తం డ్రిల్లు పెట్టకుండా వదిలేయండి. స్లాబు కింద జంక్షన్ బాక్సుల వరసను కూడా వదిలేయండి. నాలుగంగుళాల గోడ అయితే అవతలి గదిలో బోర్డు ఎక్కడుందో కూడా చూసి రండి, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. తొందరలో ఏటవాలుగా గాడి కొట్టిన ఇళ్లు కూడా ఉంటాయి కాబట్టి ఆ సర్క్యూట్ ఎంసీబీని, ఇన్వర్టర్‌ను దించి, డ్రిల్లు మిషన్‌కు వేరే లైన్ నుంచి కరెంటు తీసుకోవడం మంచిది. కొత్తగా పైపులు వేయిస్తుంటే ప్లాస్టరింగ్ చేసేలోపు గోడ పక్కన కొలత టేపు పరచి ఒక్కో గోడను ఫోటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత దానికి మించిన పటం ఉండదు.

ప్రశ్న: స్నానాల గది బాగుచేయించినప్పుడు గీజరు పెట్టించాము. పంపు తిప్పితే చేతికి చిన్నగా జిల్లుమంటోంది. ఎర్త్ లేదేమోనంటే, ఎలక్ట్రీషియన్ సాకెట్‌లోనే ఎర్త్ పాయింటును న్యూట్రల్‌కు ఒక చిన్న వైరుతో కలిపి 'ఇప్పుడు ఉంది' అన్నాడు. ఇది సరైనదేనా? (అనంతపురం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: గీజరును ఆపి ప్లగ్గు తీసేయండి, ఈ తప్పు సరిచేసే వరకు వేడినీళ్లు పొయ్యి మీదే కాచుకోండి. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆ చిన్న వైరు ఉన్నంతవరకు, న్యూట్రల్ ఎక్కడైనా, డీబీలోనో స్తంభం మీదనో, వదులై తెగిందంటే ఫేజ్ కరెంటు గీజరు కాయిల్ గుండా వచ్చి ఈ వైరు మీదుగా గీజరు ఒంటికి, అక్కడి నుంచి పంపుకు చేరుతుంది. అప్పుడు మీకు తగిలేది జిల్లు కాదు, 230 వోల్టులు. అప్పటిదాకా ఏ లోపమూ లేని గీజరైనా సరే, న్యూట్రల్ తెగిన క్షణాన ప్రాణాంతకమవుతుంది.

అసలు జిల్లుమనడానికి కారణం చాలావరకు గీజరు లోపలి ఎలిమెంటు. మన ప్రాంతపు ఉప్పు నీటిలో దాని మీద సున్నపు పొర పేరుకుని, లోపలి వేడి బయటకు పోలేక పైతొడుగు పగులుతుంది. నీరు లోపలికి చేరి కరెంటు నీటిలోకి దిగుతుంది. ఎలిమెంటు మార్పించడం ఒక పని, ఎర్త్ సరిచేయడం మరొక పని. రెండూ చేయాలి.

ఎర్త్ అంటే గీజరు ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే ఆ మూడో పిన్ను నుంచి పచ్చ వైరు డీబీకి, డీబీ నుంచి పెరట్లోని ఎర్త్ గుంటకు తెగకుండా వెళ్లడం. ఆ పిన్ను పొడవుగా ఉండడానికి కారణం ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు కలిసి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర విడిపోవడం. నేను సాకెట్లు విప్పించినప్పుడు చాలా చోట్ల పచ్చ వైరు ఉంటుంది గాని, చివర మడిచి, టేపు చుట్టి, పెట్టె మూలకు నెట్టి ఉంటుంది. కనుక 'వైరు ఉందా' అని కాదు, 'వైరు పిన్నుకు బిగించి ఉందా' అని అడగండి. గుంటలో రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, నీళ్లు పోయడానికి పైన గరాటు వదులుతారు. మీ జిల్లాలో వేసవిలో నేల ఎంతగా ఎండిపోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. తేమ పోతే గుంట పేరుకే ఉంటుంది. మాఘం వెళ్లినప్పటి నుంచి తొలకరి దాకా వారానికి రెండు బిందెలు పోయండి. పని అయ్యాక ఎర్త్ టెస్టర్‌తో నిరోధం కొలిపించి, ఆ అంకెను కాగితం మీద రాయించుకోండి. అది 5 ఓమ్‌లకు మించకపోతే ఇంటికి మంచి ఎర్త్.

అయితే ఎర్త్ బాగుంది కదా అని అక్కడితో ఆగకండి. 5 ఓమ్‌ల ఎర్త్‌లోకి 230 వోల్టులు దిగితే పారేది 46 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ నిరోధం కూడా కలిస్తే ఇంకా తక్కువ. ఇళ్లలో సాధారణంగా వాడే సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ క్షణంలో తెగాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. అంటే ఎర్త్ ఉన్నా ఎంసీబీ తెగడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయమంతా గీజరు ఒంట్లో కరెంటు ఉంటుంది. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఆ లీకేజీని మొదటి క్షణంలోనే పట్టుకుంటుంది. ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ జోడెద్దులు. ఒకటి లేకపోతే రెండోది సగం పనే చేయగలదు. గీజరు స్విచ్చు స్నానాల గది బయట ఉండాలి, నీళ్లు కాగాక ఆపి లోపలికి వెళ్లాలి.

ప్రశ్న: ఊళ్లో మా డాబా మీద ఇంకో అంతస్తు వేస్తున్నాము. రోడ్డు మీది కరెంటు లైను పిట్టగోడకు దగ్గరగా పోతోంది. పని నెల రోజులే కదా, జాగ్రత్తగా చేసుకుంటే సరిపోతుందంటున్నాడు మేస్త్రీ. సర్వీసు వైరు ఇప్పటికి రేకుల షెడ్డు అంచు మీదుగా వేసి ఉంచాము. (శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక రైతు)

సమాధానం: జాగ్రత్త అన్నది మేస్త్రీ దగ్గర ఉండవచ్చు, ఇనుప కడ్డీ దగ్గర ఉండదు. కడ్డీలు 12 మీటర్ల పొడవుతో వస్తాయి. కింద ఒకరు ఎత్తి, పైన ఒకరు అందుకుని తిప్పుతున్నప్పుడు రెండో కొస ఎక్కడికి పోతోందో ఇద్దరిలో ఎవరికీ కనబడదు. 11 కేవీ (11,000 వోల్టుల) లైనయితే తాకనక్కరలేదు, బాగా దగ్గరకు వస్తే చాలు, గాలిలోంచే కరెంటు దూకుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం ఇళ్లకు వచ్చే మామూలు లైను కట్టడానికి పక్కగా 1.2 మీటర్లు, పైన వెళ్తుంటే నిలువుగా 2.5 మీటర్లు ఎడంగా ఉండాలి. 11 కేవీ లైనుకు పక్కన అదే 1.2 మీటర్లు, పైన అయితే 3.7 మీటర్లు. ఈ దూరం కట్టడం పూర్తయిన తర్వాతి గోడ నుంచి, బాల్కనీ ముందుకు వస్తే దాని అంచు నుంచి కొలవాలి. మీ కొలత అంతకంటే తక్కువ వస్తే స్లాబు కడ్డీలు దించక ముందే సెక్షన్ ఆఫీసులో లైను మార్చమని దరఖాస్తు ఇవ్వండి. అంచనా వేసి ఖర్చు మీరే కట్టమంటారు. అది ఎక్కువే అనిపిస్తుంది, అయినా కట్టండి. లైను తెగి కిందపడినా, స్తంభం దగ్గర మెరుపులు వచ్చినా 1912కు ఫోన్ చేయండి. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే చేత్తో లాగకుండా ముందు సరఫరా ఆపి, కుదరకపోతే ఎండిన కర్రతో విడదీసి, 108ను పిలవండి. ఈ కర్ర మాట ఇంటి లైనుకే. 11 కేవీ దగ్గర, సరఫరా ఆపారని తెలిసేదాకా, కర్రతో కూడా దగ్గరకు వెళ్లకూడదు.

రేకుల సంగతికి వస్తే, ఇది లైను కంటే అర్జెంటు. రేకు అంచు కత్తిలాంటిది. గాలికి సర్వీసు వైరు ఊగుతూ దాని మీద రాపాడితే తొడుగు కొద్ది వారాల్లోనే తెగిపోయి, షెడ్డు మొత్తానికి కరెంటు వస్తుంది. సర్వీసు వైరును జీఐ ఊతతీగకు కట్టి, ఆ ఊతతీగ కొసలను పింగాణీ రీలుకు బిగించి, రేకుకు ఎక్కడా తగలకుండా ఎత్తు మీద తీసుకువెళ్లమని లైన్‌మన్‌కు చెప్పండి. ఆ షెడ్డు దూలానికో, ఊతతీగకో, స్తంభానికో ఇనుప తీగతో బట్టల దండెం కట్టి ఉందేమో ఈ సాయంత్రమే చూడండి. మన ఊళ్లలో వానాకాలంలో తడిబట్ట ఆరేయబోయిన ఆడవాళ్ల ప్రాణాలు తీసేది తరచుగా ఆ తీగే. ఉంటే తెంపేసి, ఇంటి గోడకు, వేపచెట్టుకు మధ్య నైలాన్ తాడు కట్టించండి.